గుమ్మటం కింద దాచిన సెగ: పాత బేకరీ బట్టీ ఎలా పనిచేస్తుంది?

బేకరీ అనగానే గుర్తొచ్చేది ముందున్న అద్దాల అల్మారా. బన్నులు, రస్కులు, దిల్‌పసంద్, ఉప్పు బిస్కెట్లు, ఎగ్ పఫ్‌లు. కొనుక్కుని పోయేవాళ్లే గానీ వెనక గదిలోకి తొంగి చూసినవాళ్లు తక్కువ. తిరుపతిలో గానీ, చిత్తూరు, మదనపల్లె వైపు గానీ కట్టెల బట్టీ మీద నడిచే పాత బేకరీ కనిపిస్తే ఒకసారి అడిగి లోపలికి వెళ్లి చూడండి. గదిలో సగానికి పైగా ఆక్రమించిన ఇటుకల దిమ్మె ఉంటుంది. దానికి నడుము ఎత్తులో ఒక చిన్న ఇనుప తలుపు. తలుపు తీస్తే లోపల నల్లగా, లోతుగా, తక్కువ ఎత్తులో వంగిన గుమ్మటం. పొడవాటి కర్ర చివర చెక్క పలక బిగించి, దానితో ట్రేలను లోపలికి తోస్తూ బయటికి లాగుతుంటారు. యంత్రం అంటే అంతే. మీటలు లేవు, మీటర్లు లేవు, తిరిగే చక్రం ఒక్కటీ లేదు.

మొదటిసారి చూసినవాళ్లకు వచ్చే అనుమానం ఒకటే. లోపల మంట ఏదీ?

చాలా బట్టీల్లో మంట ఉండదు. రొట్టెలు లోపలికి పోయేసరికి మంట పని అయిపోయి ఉంటుంది. కొన్నింటిలో మాత్రం ఒక మూలన నిప్పుల గుంట ఉంటుంది. దాన్ని కూడా సెగ తగ్గకుండా చూసుకోవడానికే వాడతారు. మంటతో కాల్చడం కాదు, మంట ఇచ్చిన వేడిని ఇటుకల్లో దాచుకుని, గంటల తరబడి కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టడం బట్టీ పని. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. కట్టెల బట్టీలు ఉండాలా పోవాలా అన్న ఇప్పటి తగువులో చాలామంది పట్టించుకోనిది కూడా ఇదే.

తందూరు వేరు, బట్టీ వేరు

ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఉన్నారు. తందూరు నిలువుగా ఉండే పెద్ద కుండ లాంటిది. నిప్పు అడుగున, నోరు పైన. రొట్టెను లోపలి గోడకు అతికిస్తారు. కింద నిప్పులు కణకణలాడుతూనే ఉంటాయి, రెండు మూడు నిమిషాల్లో రొట్టె తయారు. బట్టీ అలా కాదు. అది అడ్డంగా పరుచుకున్న గది. నోరు ముందువైపు ఉంటుంది, రొట్టె నేల మీద కూర్చుని నిదానంగా కాలుతుంది.

అరబ్బీలో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. మొదటిది తన్నూర్, రెండోది ఫుర్న్. తన్నూర్ చాలా పాత మాట. మెసొపొటేమియాలోని అక్కాడియన్ భాషలో అది 'తినూరు'. ఖురాన్‌లో నూహ్ ప్రవక్త కాలపు జలప్రళయం సందర్భంలోనూ ఈ మాట వస్తుంది. ఫార్సీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చి తందూరు అయింది. ఫుర్న్ మాత్రం రోమన్ల 'ఫుర్నుస్' నుంచి వచ్చింది. మన బట్టీ ఉర్దూ 'భట్టీ'యే. ఇటుక బట్టీ, సున్నం బట్టీ, సారా బట్టీ అన్నీ ఆ కుటుంబమే. గుమ్మటం అనే మాటకూ మూలం ఫార్సీ 'గుంబద్'. అంటే బేకరీ వెనక గదిలో మాట్లాడే తెలుగులో సగం మాటలు ప్రయాణం చేసి వచ్చినవే.

గుమ్మటం బట్టీ ఎంత పాతదో చెప్పడానికి ఇటలీలోని పాంపేయి చాలు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఆ ఊరు బూడిద కింద పూడిపోయింది. తవ్వకాల్లో ముప్పైకి పైగా బేకరీలు బయటపడ్డాయి. ఒక బట్టీలోనైతే మాడి బొగ్గైన రొట్టెలు కూడా అలాగే దొరికాయి. ఆ బట్టీ ఫొటో చూపిస్తే మన బేకరీ కారీగర్ ఎవరూ ఆశ్చర్యపోరు. నోరు, నేల, గుమ్మటం అన్నీ ఆయనకు తెలిసినవే.

మరి సీమకు ఇది ఎలా వచ్చింది? సీమ వంటలో బట్టీకి చోటే లేదు. రాగి సంగటి ఉడికించేది, జొన్నరొట్టె పెనం మీద కాల్చేది. గుమ్మటం లాంటి కొలిమి కుమ్మరికీ, సున్నం కాల్చేవాడికీ తెలుసు గానీ వంటింటికి తెలియదు. పులిసిన పిండిని మూసిన పొయ్యిలో కాల్చే పద్ధతి మన దేశానికి రెండు మూడు దారుల్లో వచ్చింది. ఒకటి ఉత్తరాది నుంచి, దక్కన్ దర్బారుల నుంచి వచ్చిన నాన్‌బాయిల దారి. హైదరాబాద్ పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్ దుకాణం తన చరిత్రను 1851 నుంచి లెక్కపెట్టుకుంటుంది. అక్కడి నాలుగు మూలల చార్‌కోనీ నాన్ గోడకు అతికించి కాల్చేది, అంటే తందూరు కుటుంబం. రెండోది పోర్చుగీసువారు గోవాకు తెచ్చిన దారి. ఈస్ట్ దొరక్క వాళ్లు పిండిని కల్లుతో పులియబెట్టారు. మన పావ్ పేరు వాళ్ల 'పాఁవ్' అనే మాట నుంచే. మూడోది ఇంగ్లీషువాళ్ల కంటోన్మెంట్ల దారి.

చిత్తూరుకు ఈ మూడోది దగ్గర. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. కలెక్టరు, కోర్టు, తెల్ల అధికారులు ఇక్కడే. వేలూరు కోట, అక్కడి సైన్యం పక్కనే. దొరలూ పటాలాలూ ఉన్న ఊళ్లకే ముందుగా డబుల్ రొట్టె వచ్చిందన్నది దక్షిణాదంతటా కనిపించే సంగతి. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు 1880లో బిస్కెట్ ఫ్యాక్టరీ పెట్టి, 1883లో దొర అడిగాడని క్రిస్మస్ కేకు చేసిన కథ బేకరీవాళ్లందరికీ తెలిసిందే. తర్వాత కేరళ బేకరీలు, కర్ణాటక హాసన్ జిల్లా మూలాలున్న అయ్యంగార్ బేకరీలు, ముస్లిం కారీగర్ల బేకరీలు మన ఊళ్లలో పక్కపక్కనే నిలబడ్డాయి. పేర్లు వేరు, యజమానులు వేరు. వెనక గదిలో గుమ్మటం మాత్రం ఒకటే.

జనం నోటికి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. మొన్న మొన్నటిదాకా సీమ పల్లెల్లో బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాళ్లు తినేది. ఇంట్లో బ్రెడ్డు ప్యాకెట్ కనిపిస్తే 'ఎవరికి బాగాలేదు?' అని అడిగేవాళ్లు. తిరుపతి రుయా ఆసుపత్రి లాంటి చోట్ల పాలూ బ్రెడ్డే ఇప్పటికీ రోగికి మొదటి తిండి.

కట్టేటప్పుడే సగం పని

బట్టీ కట్టడం మామూలు మేస్త్రి పని కాదు. ముందు రాతి దిమ్మె లేపుతారు. దాని మీద ఇసుక పోసి, కొన్ని చోట్ల ఉప్పు, పగిలిన గాజు పెంకులు కలిపి పరుస్తారు. వేడి కిందికి జారిపోకుండా నేల కిందే నిలవడానికి ఈ ఏర్పాటు. ఆ పైన నేల ఇటుకలను సందు లేకుండా పేర్చాలి. ట్రే కింద చిన్న ఎత్తుపల్లం ఉన్నా రోజూ తగులుతూనే ఉంటుంది.

తర్వాత గుమ్మటం. తడి ఇసుకను కుప్పగా పోసి ఆకారం తీర్చి, దాని మీద ఇటుకలు పేర్చి, ఆరాక ఇసుక లాగేయడం ఒక పద్ధతి. చెక్క చట్రం పెట్టి కట్టడం ఇంకో పద్ధతి. గుమ్మటమే ఎందుకంటే, ఇటుక నొక్కుడుకు ఆగుతుంది గానీ లాగుడుకు ఆగదు. చదరంగా పైకప్పు వేస్తే మధ్యలో కుంగి విరుగుతుంది. వంపులో ప్రతి ఇటుకా పక్క ఇటుకను నొక్కి పట్టుకుంటుంది. వేడికి ఉబ్బినప్పుడు ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. మసీదు గుమ్మటానికీ రొట్టెల బట్టీకీ లెక్క ఒకటే, కొలతలే వేరు.

సిమెంటు జోలికి మాత్రం పోరు. 400 డిగ్రీలు దాటితే గట్టిపడిన సిమెంటులోని సున్నం నీటిని వదిలేసి పొడి అవుతుంది. బంకమన్ను, ఇసుక కలిపిన అడుసే వేడికి తాళుతుంది. ఇంకో గుట్టు తలుపు ఎత్తు. గుమ్మటం లోపలి ఎత్తు మూడడుగులైతే తలుపు రెండడుగులకు కాస్త తక్కువగా, అంటే 60 నుంచి 65 శాతం మధ్య ఉండాలి. నోటి అడుగు నుంచి చల్లగాలి లోపలికి పోవాలి, పై నుంచి పొగ బయటికి రావాలి. తలుపు మరీ ఎత్తుగా ఉంటే వేడంతా పారిపోతుంది. మరీ చిన్నదైతే మంట ఊపిరాడక పొగ చిమ్ముతుంది.

కొత్త బట్టీని తొలిరోజే మండించకూడదు. అడుసులోని తడి ఆవిరై ఒక్కసారిగా తోసుకొస్తే గుమ్మటం పగులుతుంది. రోజుకు కొన్ని పుల్లలతో మొదలుపెట్టి, వారం పది రోజులు సెగ పెంచుకుంటూ పోవాలి.

బట్టీ చెప్పినట్టే బేకరీ నడవాలి

మండించడం రాత్రిపూటో, తెల్లవారకముందో మొదలవుతుంది. మొదట గుమ్మటం మసి పట్టి నల్లగా మారుతుంది. గంట, రెండు గంటలు మండాక ఆ మసే కాలిపోయి ఇటుక మళ్లీ తెల్లబడుతుంది. పాతకాలం కారీగర్‌కు అదే థర్మామీటరు. గుమ్మటం తెల్లబడిందంటే లోపల 350 డిగ్రీలు దాటినట్టు లెక్క. అప్పుడు నిప్పులు, బూడిద లాగేసి, కర్రకు కట్టిన తడి గోనెసంచితో నేల తుడిచి, తలుపు మూసి కాసేపు వదిలేస్తారు. పైన ఎక్కువ, కింద తక్కువ ఉన్న వేడి అంతటా సర్దుకోవాలి. ఈ ఆగడం చేతగానివాడి బన్ను పైన మాడి, లోపల పచ్చిగా ఉంటుంది.

సరిపోయిందో లేదో చూడటానికి పిడికెడు మైదా నేల మీద చల్లుతారు. వెంటనే నల్లబడితే ఇంకా ఆగాలి. నిదానంగా గోధుమరంగుకు తిరిగితే ట్రేలు తోయవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. ఒక టన్ను ఇటుకను 300 డిగ్రీల మేర వేడెక్కిస్తే, అందులో దాదాపు 70 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి నిలుస్తుంది. పెద్ద బట్టీలో ఇటుక, ఇసుక, రాయి కలిపి ఎన్నో టన్నులు. అందుకే రోజూ మండించే బట్టీకి కట్టెలు తక్కువ పడతాయి. నిన్న పోయినంత మేర పూడిస్తే చాలు. నాలుగు రోజులు ఆపితే మాత్రం మళ్లీ మొదటి నుంచి రావాలి, కట్టెలు బండ్లకొద్దీ మింగుతుంది. పండగ సెలవు ఇచ్చినా బట్టీలో నాలుగు మొద్దులు వేసి పోవడం అందుకే.

వేడి రొట్టెకు మూడు దారుల్లో అందుతుంది. కింద నేల నుంచి నేరుగా, పైన గుమ్మటం నుంచి ఎండ తగిలినట్టు, మధ్యలో కదిలే గాలి వల్ల. దీనికి తోడు ఆవిరి. క్వింటాలు పిండి కాలితే పది కిలోల దాకా నీళ్లు ఆవిరవుతాయి. తలుపు మూసి ఉంటే ఆ ఆవిరంతా లోపలే తిరుగుతుంది. రొట్టె పైపొర తొందరగా గట్టిపడకుండా, లోపలి ఈస్ట్ 55, 60 డిగ్రీల దగ్గర చచ్చేలోగా బాగా పొంగనిస్తుంది. ఆ తర్వాత పైన 140 డిగ్రీలు దాటినప్పుడు రంగు, వాసన పుడతాయి.

తలుపు మూశాక వేడి దిగుతూ పోతుంది గానీ ఎక్కదు. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది యజమాని ఇష్టం కాదు, బట్టీ ఇష్టం. 220, 230 డిగ్రీల దగ్గర బన్నులు, బ్రెడ్డు, పఫ్‌లు. 170, 180కి దిగాక కేకులు, బిస్కెట్లు, నాన్‌ఖటాయీలు. చివర్లో వంద, నూట ఇరవై మిగిలినప్పుడు, అమ్ముడుపోని బ్రెడ్డును ముక్కలు కోసి లోపల పెట్టి తలుపు మూసేస్తారు. తెల్లారేసరికి రస్కు. చాయ్‌లో ముంచుకునే రస్కు మిగిలిన రొట్టె, మిగిలిన సెగ కలిసి పుట్టిన తిండి. బిస్కెట్ అనే మాటకే లాటిన్‌లో 'రెండుసార్లు కాల్చినది' అని అర్థం.

ఈ మిగిలిన సెగ పేటకు కూడా పనికొచ్చేది. పెళ్లికో పండక్కో ఇంట్లో మైదా, చక్కెర, డాల్డా కొని బేకరీకి ఇచ్చి, డబ్బాలకొద్దీ బిస్కెట్లు చేయించుకోవడం చాలా ఊళ్లలో ఉండేది. హైదరాబాద్‌లో మొహర్రం నెలలో ఇంట్లో కలిపిన రొట్ పిండిని ట్రేల్లో బేకరీకి పంపి కాల్పించుకునే అలవాటు తెలిసిందే. ఇంటింటికీ ఒక ఓవెన్ లేని రోజుల్లో బేకరీ బట్టీయే పేట మొత్తానికి ఓవెన్. దీనికి బేకరీవాడు ఎక్కువ డబ్బులు అడగాల్సిన పనీ లేదు, ఎలాగూ చల్లారిపోయే సెగే కదా.

రోటరీ ఓవెన్ వచ్చాక ఈ వరస పోయింది. డీజిలుతోనో కరెంటుతోనో నడిచే ఆ స్టీలు గదిలోకి ట్రేలున్న బండిని మొత్తంగా తోసేయవచ్చు. కొద్దిసేపట్లో వేడెక్కుతుంది, బటన్ నొక్కితే ఆగుతుంది. పొద్దున బిస్కెట్, మధ్యాహ్నం బన్ను, ఎప్పుడేది కావాలంటే అది. ఇది చిన్న సౌకర్యం కాదు. రంజాన్‌లో ఇఫ్తార్ గంజి పక్కకు సాయంత్రానికి బన్నులు, మళ్లీ సహరీకి బ్రెడ్డు కావాలన్నప్పుడు కట్టెల బట్టీ దగ్గర కారీగర్ పడే తిప్పలు అతన్నే అడగాలి.

రుచి కట్టెదా, గుమ్మటానిదా?

'కట్టెల బట్టీ రొట్టె రుచే వేరు' అనేవాళ్లు ఎక్కువ. రుచిలో తేడా ఉన్న మాట నిజం. దాని పేరు మాత్రం కట్టెకు పోతోంది. మండుతున్న మంట పక్కనే కాల్చే పిజ్జాకో నాన్‌కో కాస్త పొగ వాసన పట్టవచ్చు. నిప్పులు లాగేసి, నేల తుడిచిన తర్వాత లోపలికి పోయే బన్నుకు పొగ ఎక్కడి నుంచి వస్తుంది? దాని అడుగు గట్టిగా, లోపల మెత్తగా ఉండటానికి కారణం ఇటుక నేల, మూసిన ఆవిరి, నిదానంగా దిగే వేడి. ఈ మూడూ గుమ్మటానివి. తిరుమల లడ్డూ పోటులోనూ ఒకప్పుడు కట్టెల పొయ్యిలే ఉండేవి, 1980ల్లో గ్యాస్ వచ్చింది. లడ్డూ లడ్డూగానే ఉంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ముంబైలో కట్టెలు, బొగ్గు వాడే బేకరీలు ఆరు నెలల్లో గ్యాస్‌కో, మరో శుభ్రమైన ఇంధనానికో మారాలని ఆదేశించింది. పావ్ కాల్చే బేకరీలు గగ్గోలు పెట్టాయి. ఆ ఆదేశం మన ఊళ్లకు వర్తించదు. కానీ ఆ ప్రశ్న ఇక్కడికి రాదని ఎవరూ అనుకోనక్కరలేదు. ఇళ్ల మధ్య, గొట్టం ఎత్తు లేని బేకరీ పక్కన కాపురం ఉన్నవాళ్లను అడిగితే ఎప్పుడో వచ్చిందంటారు.

పక్కింటివాళ్ల కంటే ముందు ఆ పొగ మింగేది బట్టీ ముందు నిలబడే మనిషి. వంటచెరకు పొగను క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చేర్చింది. దానికి పిండి దుమ్ము తోడు. రొట్టెలవాళ్లకు వచ్చే దగ్గు, ఆయాసం గురించి రమజ్జీనీ అనే ఇటలీ వైద్యుడు 1700లోనే తన పుస్తకంలో రాశాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ గదిలో మూతికి గుడ్డ కట్టుకోవడం దాటి పెద్దగా ఏం మారలేదు. రాత్రి పని, ఎదురుగా సెగ, గాలి ఆడని గది. కట్టెల బట్టీ అందాన్ని పొగిడేటప్పుడు ఆ మనిషిని మరిచిపోతే ఆ పొగడ్తకు విలువ లేదు.

కట్టె కూడా మునుపటిలా దొరకదు. పక్కనే శేషాచలం అడవి ఉన్నా అది రక్షిత అడవి, అందులోనూ ఎర్రచందనం పుట్టిల్లు. అక్కడి పుల్ల బట్టీకి రాదు. వచ్చేదల్లా పాతబడి కొట్టేసిన తోటల మామిడి, చింత, చెరువు గట్ల సర్కారు తుమ్మ, కోస్తా వైపు సరుగుడు. వీటిలో సర్కారు తుమ్మ సెగ గట్టిది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఏదైనా ఎండినదై ఉండాలి. పచ్చి కట్టె వేస్తే సెగలో కొంత దానిలోని నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది, పొగ కూడా ఎక్కువ.

అయితే బట్టీ కూల్చి స్టీలు ఓవెన్ పెట్టడం ఒక్కటే దారి కాదు. గుమ్మటాన్ని ఉంచి, నిప్పును మార్చవచ్చు. నోటి దగ్గర గ్యాస్ బర్నర్ పెట్టి అదే ఇటుకను వేడి చేసి, తర్వాత బర్నర్ ఆపి తలుపు మూస్తే, దాచుకునే పని గుమ్మటం మునుపటిలాగే చేస్తుంది. లెక్క కూడా మరీ భయపెట్టేది కాదు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో దాదాపు 240 యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది. రోజూ మండే బట్టీకి పోయిన సెగను పూడ్చడమే కాబట్టి, అసలు సంగతంతా ఎంత పోతోంది అన్నదాంట్లో ఉంది. పాత బట్టీల్లో చాలా వేడి పైకప్పు మీది నుంచే వృథాగా పోతుంది. గుమ్మటం పైన మందంగా ఊక బూడిద పరిచినా చాలావరకు ఆగుతుంది. సీమలో బియ్యం మిల్లులకేం తక్కువ లేదు. చిత్తూరు, కోలారు, వేలూరు జిల్లాలను కలిపి ఒకే నగర గ్యాస్ పరిధిగా కేటాయించారు కాబట్టి, పైపు గ్యాస్ బేకరీ వీధి దాకా వస్తే సిలిండర్ మోత కూడా తప్పుతుంది.

కానీ ఇది ఎవరికి వాళ్లు గొట్టం తగిలించుకునే పని కాదు. మూసిన గుమ్మటంలో ఆరిపోయిన బర్నర్ నుంచి గ్యాస్ నిండితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మంట ఆరగానే గ్యాస్ తనంతట ఆగే వాల్వు, వెలిగించే ముందు లోపలి గాలిని తోసేసే ఏర్పాటు, తెలిసిన మనిషి చేత బిగింపు తప్పనిసరి. బట్టీ కూడా అందుకు తగినట్టు ఉండాలి. ముందు దాన్ని నాలుగైదు రోజులు పూర్తిగా చల్లార్చి, దీపం పట్టుకుని లోపలికి పాక్కుంటూ వెళ్లి గుమ్మటం చూడాలి. వెంట్రుకవాసి పగుళ్లు ప్రతి బట్టీకీ ఉంటాయి, వాటితో భయం లేదు. వేలు దూరేంత పగులు ఉన్నా, మధ్య ఇటుక కిందికి దిగినట్టున్నా బర్నర్ సంగతి తర్వాత, ముందు బట్టీ కట్టడం తెలిసిన మేస్త్రిని పిలిపించాలి. అతను అడుసుతో పూడ్చి వెళ్లాక మళ్లీ కొత్త బట్టీలాగే రోజుకు కొన్ని పుల్లలతో మొదలు పెట్టాలి. ఆ వారం రోజులూ బేకరీ బన్నులు ఇంకో చోట కాల్పించుకోవాల్సిందే.